తలకిందుల చిలకలు

రైల్వే క్వార్టర్సు, మేడ మీది వాటా
(సామాన్లు సగమే విప్పాను)

చెల్లీ,

మేము క్షేమం. మీరూ క్షేమమే అనుకుంటాను. జబ్బు పడేంత డబ్బు మన రెండిళ్ళలోనూ లేదు కాబట్టి.

మీ బావగారికి బదిలీ అయిన ఊరు బాగానే ఉంది. ఆయన గార్డు పెట్టెలో కూర్చుని పచ్చజెండా ఊపుకుంటూ పోతారు, నేను ఇక్కడ పెట్టెలు విప్పుకుంటూ కూర్చుంటాను. మొట్టమొదటి పెట్టెలో ఏం బయటపడిందనుకున్నావు? చిలకల బట్ట! సగం కోసి నీ మొహాన కొట్టాను కదా, మిగతా సగం నా వెంట వచ్చింది. నారింజ రంగు మీద ఆకుపచ్చ చిలకలు. ఆ రంగు బాగుందన్నది నువ్వు. ఎక్కువ కొంటే చవకన్నది నేను. ఒక్క చిలకా అమ్ముడుపోలేదు.

అన్నదమ్ముల్ని కట్టుకున్న పాపానికి తోడికోడళ్ళమయ్యాం, అది చాలక కలిసి కర్టెన్ల కొట్టు పెట్టాం. అత్తయ్య మొదటి రోజే చెప్పింది, రెండు కత్తులు ఒక ఒరలో ఇముడుతాయిగానీ రెండు కొప్పులు ఒక ఇంట్లో ఇమడవని. విన్నామా? నీ స్నేహితురాలొస్తే నువ్వు నాకు తెలియకుండా ధర తగ్గించావు. నా స్నేహితురాలొస్తే నేను నీకు తెలియకుండా ఇంకా తగ్గించాను. ఊరంతా కనిపెట్టేసి, నీ దగ్గర ధర అడిగి నా దగ్గర బేరమాడి కొనుక్కుపోయారు. ఒకే కొట్టులో ఉండి ఒకరి మీద ఒకరం పోటీ పెట్టుకున్న మొనగత్తెలం మనమే.

సరే, కొట్టు మునిగింది, చేతులు కాలాయి. ఇప్పుడు ఆకుల సంగతి చెప్తాను విను. కొట్టు కోసం మిషన్లు తాకట్టు పెట్టి తెచ్చిన సొసైటీ అప్పు మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. ఒక్క వాయిదా తప్పామా, వచ్చి నీ కుట్టుమిషనూ నా కుట్టుమిషనూ రెండూ పట్టుకుపోతారు. అవి పోతే మన చేతులు ఉండీ లేనట్టే. కాబట్టి నా సగం నెలనెలా నీకు మనియార్డరు చేస్తాను. నీ సగం కలిపి నువ్వు కట్టు. అప్పు తీరేదాకా ఇద్దరం పచ్చి పిసినారులుగా బతకాలి. ఎవరు అనవసరంగా ఖర్చు పెట్టినా, అంత సొమ్మూ జరిమానాగా రెండోదాని వాటాలో కట్టాలి. చివరికి ఎవరి జరిమానా ఎక్కువైతే వాళ్ళు మన కొట్టు బోర్డు ముందు గదిలో తగిలించుకోవాలి. వచ్చినవాళ్ళందరికీ 'అక్కాచెల్లెళ్ళ కర్టెన్లు' అని కనిపించాలి. సిగ్గుతో చావాలి.

ఆ బోర్డు నీ గోడకే అని నా నమ్మకం. మొదటి ఆర్డరుకే చిలకలన్నీ తలకిందులుగా కుట్టి డాక్టరమ్మ కిటికీకి తగిలించి, ఆవిడ తిప్పికొడితే మోసుకొచ్చావు చూడు, అది తలుచుకుని నిన్న పెట్టెలు విప్పుతూ కూడా నవ్వాను.

ఇట్లు,
మీ అక్క (పెద్దకోడలు, పెద్దదే)


రొట్టెల బట్టీ వెనక ఇల్లు

అక్కా,

ఈ కాగితం బట్టీలోని పిండి సంచిది. దులిపి చదువు. కాగితం ఖర్చు లేదు, మొదటి రోజే నీ మీద గెలిచాను.

నీ షరతులన్నీ ఒప్పుకున్నాను. ఒక్క మాట మాత్రం నా కడుపులో ఉంది, కక్కేస్తాను. డాక్టరమ్మ ఇంటి నుంచి వచ్చి నేను ఏడ్చింది ఆవిడ తిట్టినందుకనుకున్నావా? నువ్వు కొట్టు మధ్యలో కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వావే, అందుకు. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. ఆ సామెత కట్టినావిడ మన కొట్టు దారిన ఎప్పుడో పోయుంటుంది. కాబట్టి గుర్తుంచుకో, నాకూ ఒక రోజు వస్తుంది. ఆ రోజు నేను నవ్వే నవ్వు నీ క్వార్టర్సు దాకా వినపడుతుంది.

బోర్డు మొన్నటిదాకా మా బీరువా వెనక ఉండేది. ఇప్పుడు దాన్ని రెండు కుర్చీల మీద పరిచి ఇస్త్రీ బల్ల చేసుకున్నాను. ఆస్పత్రి దుప్పట్లు అంచులు కుట్టే పని దొరికింది, ఇస్త్రీ కూడా చేసిస్తే ఇంకాస్త ఇస్తారు. అత్తయ్య పక్కన కూర్చుని ఏ దుప్పటికి ఎంత దారం పట్టిందో చూస్తుంది. నిన్న నా సూదిలో మిగిలిన దారం ముక్క విప్పించి దాచింది. మనమిద్దరం పిసినారితనం నేర్చుకుంటున్నాం అక్కా, ఆవిడకి పుట్టుకతోనే వచ్చింది.

మీ మరిది బట్టీ నుంచి నిన్నటి రొట్టెలు తెస్తున్నాడు. గట్టిగా ఉంటాయి. మొదట్లో పళ్ళు అరిగాయి, ఇప్పుడు కోపం అరుగుతోంది. పిండి కొద్దీ రొట్టె అని ఎవరన్నారోగానీ, ఎన్నాళ్ళ రొట్టో చెప్పలేదు.

అన్నట్టు ఒకటి గమనించావా? కర్టెన్లు అమ్మిన మనిద్దరి కిటికీలకీ కర్టెన్లు లేవు. నేను పేపరు అంటించాను. ఎదురింటావిడ రోజూ మా కిటికీ దగ్గర నిలబడి వార్తలు చదువుకుంటోంది.

ఇట్లు,
చెల్లి (చిన్నదే, కానీ తక్కువది కాదు)


రైల్వే క్వార్టర్సు

చెల్లీ,

పేపరు అంటించడం కూడా ఒక గొప్పేనా? నా కిటికీకి ఏమీ లేదు. వీధిదీపం వెలుగు సరాసరి గదిలో పడుతుంది, ఆ వెలుగులో కుట్టుకుంటాను. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?

ఇక్కడ నాకు మంచి పని దొరికింది. స్టేషను సిబ్బంది యూనిఫాం చొక్కాలకి కాలర్లు తిప్పి కుట్టడం. కాలరు మెడ దగ్గర అరిగి పోగులు లేచినప్పుడు విప్పి, లోపలి వైపు పైకి తిప్పి కుట్టేస్తే చొక్కా ఇంకో రెండేళ్ళు బతుకుతుంది. స్టేషను మాస్టరు అద్దంలో చూసుకుని, కొత్త చొక్కానా అని ఆయన్నే ఆయన అడిగాడట. ఇప్పుడు గేటు మనిషి దగ్గర్నుంచి సిగ్నలు మనిషి దాకా అందరి మెడలూ నా చేతిలోనే ఉన్నాయి.

ఇంకా విను. మా మెట్ల మీద వెలిగే బల్బు కరెంటు మా మీటరు మీదే పడుతోందని కనిపెట్టాను. కింది వాటావాళ్ళు దర్జాగా మా వెలుగులో ఎక్కీ దిగీ తిరుగుతున్నారు! స్టూలేసుకుని బల్బు పీకి బియ్యం డబ్బాలో దాచాను. మీ బావగారు 'చీకట్లో పడతావే' అన్నారు. 'ఆ మెట్లు నాకు తెలుసు, నేను ఆ మెట్లకి తెలుసు. పడేది బిల్లే' అన్నాను. ఆయన టోపీ పెట్టుకుని డ్యూటీకి పోయారు.

నా సగం పంపుతున్నాను. జరిమానా ఏమీ లేదు. నీ సంగతేమిటి? టీలో పంచదార మానేశావా? నేను టీయే మానేశాను.

ఇట్లు,
అక్క


రొట్టెల బట్టీ వెనక ఇల్లు

అక్కా,

బల్బు దెబ్బకి నేను ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. అత్తయ్యకి చదివి వినిపిస్తే 'పెద్దదానికి నా పోలిక వచ్చింది' అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నీకు దక్కిన మొదటి మెచ్చుకోలు, కాగితం చించి దాచుకో.

ఇక్కడ చిలకలకి మోక్షం కలిగింది. మీ మరిదికి చొక్కా కుట్టాను. బట్టీలో వాళ్ళంతా ఆయన్ని చూసి ఈల వేస్తున్నారట. ఆయన అలిగి ఇంటికొచ్చి, ఇంకో చొక్కా లేదు కాబట్టి మళ్ళీ అదే తొడుక్కుని పనికి పోయాడు. అత్తయ్యకి చిలకల దిండు గలీబు, నాకు చిలకల సంచి. బజారుకి పోతే కూరగాయల మనిషి దూరం నుంచే గుర్తుపట్టి ధర పెంచుతున్నాడు. ఎంత బేరమాడినా తగ్గడే! మన కొట్టులో బేరమాడినవాళ్ళ ఉసురు తగిలిందేమో నాకు.

ఈ నెల వాయిదా కట్టేశాను. సొసైటీ గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి, 'మీ ఇద్దరూ ఇంకా మాట్లాడుకుంటున్నారా?' అని అడిగాడు. 'పోట్లాడుకుంటున్నాం, అందుకే వాయిదా తప్పడం లేదు' అన్నాను.

ఇట్లు,
చెల్లి


రైలు, గార్డు పెట్టె

చెల్లీ,

అక్షరాలు వంకర్లు పోతున్నాయని ఎగతాళి చెయ్యకు. కదిలే రైల్లో కూర్చుని రాస్తున్నాను. మీ బావగారి వెంట ఊరికే ఒక చుట్టు తిరిగొస్తే దీపం ఖర్చు రైల్వేవాళ్ళది. ఉత్తరం రాయడానికి ఇంతకన్నా చవకైన చోటు లోకంలో లేదు.

ఈ మధ్య నేను పొదుపులో చాలా పైమెట్టు ఎక్కాను. నీకు చెప్తే నేర్చుకుంటావని చెప్తున్నాను. బంగాళాదుంపలు తొక్క తీయకుండా ఉడకబెట్టి తొక్కతోనే తినడం మొదలుపెట్టాను. బలమంతా తొక్కలోనే ఉందట. రొట్టె కొయ్యకూడదు, తుంచుకోవాలి. కోస్తే పొడి రాలి నష్టం. బట్టలు పిండడం మానేశాను, నీళ్ళోడుతుండగానే తీగ మీద వేసేస్తే ఆ బరువుకి ముడతలు అవే పోతాయి, ఇస్త్రీ మిగులు. జుట్టు పొట్టిగా కత్తిరించేశాను. నూనె, దువ్వెన, దువ్వుకునే పొద్దు, అన్నీ ఆదా. రెండు కొప్పులు ఇమడవని అత్తయ్య అంది కదా, నా కొప్పు తీసేశానని చెప్పు, సంతోషిస్తుంది. బూట్లు మానేసి మీ బావగారి పాత చెప్పుల్లో కాళ్ళు దూరుస్తున్నాను. లేసులు అరగవు. గుండీలు లేని చిలకల గౌను ఒకటి ఉంది, తల మీంచి వేసుకోవడమే.

కాలర్ల పని ఈ నెల కాస్త మందం. కళ్ళకి విశ్రాంతి ఇస్తున్నాను. నా సగం మాత్రం పూర్తిగా పంపాను, చూసుకో.

అక్క


రొట్టెల బట్టీ వెనక ఇల్లు

అక్కా,

నువ్వు మనిషివా, రాక్షసివా? కొప్పు కూడానా! నీ ఉత్తరం చదివి పౌరుషం పొడుచుకొచ్చి నేనూ కత్తెర తీశాను. అద్దంలో చూసుకుంటే బట్టీలో కొత్తగా చేరిన పనివాడిలా ఉన్నాను. మీ మరిది నన్ను చూసి 'ఎవరు కావాలండీ?' అన్నాడు. ఆ రాత్రి ఆయనకి తొక్కతో ఉడికిన దుంపలే పెట్టాను.

తొక్కతో తింటే మట్టి రుచిగా ఉందక్కా, నిజం చెప్పు, నీకు బాగుందా? పిండని బట్టలు తీగ మీద వేశాను. తీగ తెగింది. కొత్త తీగ కొన్న ఖర్చు జరిమానా కిందికి వస్తుందా రాదా రాయి. నువ్వు చెప్పిన సలహా వల్ల తెగింది కాబట్టి నీ మీదే రావాలని నా వాదన.

అత్తయ్య మాత్రం ఇవేవీ చూసి సంతోషించలేదు. నీ ఉత్తరం మళ్ళీ చదవమంది. చదివాను. కళ్ళు మూసుకుని విని, మళ్ళీ చదవమంది. తర్వాత లేచి వెళ్ళి దుంప ఒకటి చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ముసలితనం అనుకున్నాను.

ఇట్లు,
కొప్పు లేని చెల్లి


రొట్టెల బట్టీ వెనక ఇల్లు

బావగారికి నమస్కారం.

ఈ ఉత్తరం మీ డ్యూటీ గదికి రాస్తున్నాను. అక్క కంట పడనివ్వకండి.

అత్తయ్య నా కుడి చెయ్యి కొంగుతో నడుముకి కట్టేసి, 'ఇప్పుడు దుంప తొక్క తియ్యి' అంది. తీయలేకపోయాను. 'రొట్టె కొయ్యి' అంది. రొట్టె బల్ల మీంచి జారిపోయింది. 'తడిబట్ట పిండు, నా కొప్పు ముడి వెయ్యి, గుండీ పెట్టుకో, బూటు లేసు కట్టుకో' అంది. ఒక్కటీ చేతకాలేదు. అప్పుడు నా చెయ్యి విప్పి, 'నీ తోడికోడలు పొదుపు చెయ్యడం లేదే పిచ్చిదానా, ఒంటిచేత్తో బతుకుతోంది' అంది.

నిజమేనా బావగారూ? అక్క చేతికి ఏమైంది? చెయ్యి లేకుండా కాలర్లు కుట్టలేదు కదా, మరి తన సగం పూర్తిగా ఎక్కడి నుంచి పంపుతోంది? ఉన్నదున్నట్టు రాయండి.

మీ మరదలు


స్టేషను, గార్డుల గది

అమ్మాయ్,

చెప్పనని మీ అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. చెప్పకూడదన్నదిగానీ రాయకూడదనలేదు. అందుకని రాస్తున్నాను.

మెట్ల మీద పడింది. చీకట్లో. తను బల్బు పీకేసిన మెట్ల మీదే. కుడి మణికట్టు విరిగింది, మోచేతి దాకా సిమెంటు కట్టు వేశారు. అతుక్కోవడానికి చాలా రోజులు పడుతుందన్నారు. ఉత్తరాలు ఎడం చేత్తో రాస్తోంది, రైలూ లేదు గీలూ లేదు, వంటింట్లోనే.

కాలర్ల పని ఆగిపోయింది. సొమ్ముకి గోడ గడియారం అమ్మింది. ఇప్పుడు టైము కావాలంటే స్టేషనుకొచ్చి చూసిపోతోంది. తర్వాత తన చేతి గడియారం, తర్వాత నా పెళ్ళినాటి కోటు. ఇప్పుడు మిషను వైపు చూస్తోంది. అది తాకట్టులో ఉంది, అమ్మితే జైలని బెదిరించి ఆపాను. ఎన్నాళ్ళు ఆపగలనో తెలియదు.

నొప్పికి ఏడవలేదు. మీకు రాద్దామంటే మాత్రం ఏడ్చింది. 'చెల్లి నవ్వుతుందండీ. బల్బు పీకింది నేనే, పడింది నేనే. నేనైతే నవ్వనా?' అంది. నిజంగానే నవ్వి ఉండేది.

బావ


రొట్టెల బట్టీ వెనక ఇల్లు

అక్కా,

తిట్టకు. తప్పయిపోయింది.

బజారులో సెంటు సీసా చూశాను. మూతకి చిన్న గులాబీ ఉంది. చెయ్యి ఆగలేదు, కొనేశాను. ఖరీదు చెప్తే నీ గుండె ఆగుతుంది. షరతు ప్రకారం అంత సొమ్మూ నీ వాటాలో కట్టేశాను. కాబట్టి ఈ నెల నువ్వు పంపాల్సింది అతి తక్కువ. రసీదు జతపరిచాను.

ఎన్నాళ్ళని బిగబట్టుకుంటాం అక్కా? ఆడదాన్ని. ఇప్పుడు నేను వీధిలో నడిస్తే మల్లెతోట నడిచినట్టు ఉందంటున్నారు. మీ మరిది తుమ్ముతున్నాడు.

బోర్డు ముప్పు నాకు దగ్గరపడుతోందని తెలుసు. నువ్వు ఇప్పుడే గెలిచానని మురిసిపోకు. వచ్చే నెల నుంచి బుద్ధిగా ఉంటాను.

ఇట్లు,
సువాసనల చెల్లి


రైలు, గార్డు పెట్టె (ఇంకా కదులుతూనే ఉంది)

ఏమే,

సెంటా! అప్పుల్లో మునిగి సెంటా! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని నీలాంటివాళ్ళని చూసే అన్నారు. నేను ఇక్కడ తొక్కలు తిని బతుకుతుంటే నువ్వు గులాబీ మూతలు కొంటావా? మరిది ఎలా ఊరుకున్నాడు? అత్తయ్య ఎలా ఊరుకుంది? నేనక్కడ ఉంటే సీసా నీ నెత్తిన బోర్లించేదాన్ని.

జరిమానా కట్టిన రసీదు చూశాను. అదొక్కటే నువ్వు చేసిన మంచి పని.

మేకులు ఇప్పుడే కొనిపెట్టుకో. బోర్డు బరువైంది, చిన్నవి సరిపోవు. మేకుల ఖర్చు జరిమానా కిందికి రాదులే, అంతవరకు దయ తలుస్తున్నాను.

అక్క


రొట్టెల బట్టీ వెనక ఇల్లు

అక్కా,

ముందే చెప్తున్నాను, ఈసారి సెంటుతో ఆగలేదు.

కొప్పు లేని తల బోసిగా ఉందని టోపీ కొన్నాను. ఈక ఉన్న టోపీ. ఈక ఉన్న టోపీ పెట్టుకుని నడిచి పోతే బాగుండదు కదా, అందుకని అద్దె కారు మాట్లాడుకుని, అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, నది దాకా షికారు పోయొచ్చాం. అత్తయ్య కిటికీలోంచి అందరికీ చెయ్యి ఊపింది. ఇంటికొచ్చాక పెద్ద హోటలు నుంచి భోజనం తెప్పించాం.

జరిమానా లెక్కేస్తే ఈ నెల నీ సగం మొత్తం దానికే సరిపోయింది. వచ్చే నెలది కూడా కొంత కట్టేశాను. నువ్వు ఏమీ పంపకు. పంపితే తిప్పి పంపుతాను. షరతు షరతే, ఓడినదాన్ని ఓడనివ్వు.

వచ్చే నెల ఇంకేం కొంటానో నాకే తెలియదు. నా చెయ్యి నా మాట వినడం లేదు.

ఇట్లు,
ఈక టోపీ చెల్లి


రైలు, గార్డు పెట్టె

ఏమే దుబారా మనిషీ,

తిట్టి తిట్టి నా నోరు నొప్పి పుట్టింది, మీ బావగారిని అడుగు. కారా! నదా! అత్తయ్య చెయ్యి ఊపిందా!

ఇలాగే పో. బోర్డు నీ నట్టింట్లో వెలుగుతుంది.

దుంపలు తొక్కతో ఇక తినకు. అందరి పొట్టకీ పడదట. చలిగా ఉంటోంది, ఆ టోపీ నిజంగా చెవులు కప్పేదైతే బాగుండు.

అక్క


రొట్టెల బట్టీ వెనక ఇల్లు

అక్కా,

తీరింది!

ఇవాళ చివరి వాయిదా కట్టాను. గుమాస్తా పత్రం మీద 'చెల్లు' అని ముద్ర వేసి, నా చేతికిచ్చి, లేచి నిలబడ్డాడు. అప్పు తీర్చినవాళ్ళకి లేచి నిలబడతాడో, వెళ్ళిపోతున్నానని సంతోషమో తెలియదు. ఇంటికొచ్చి మిషను మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఇది నాది. అక్కడ ఉన్నది నీది. ఎవరూ రారు.

ఓటమి ఒప్పుకుని బోర్డు తగిలించాను. ఇస్త్రీ బల్ల పోయింది. ఒక మూల ఇస్త్రీ పెట్టె ఆకారంలో మాడిన మచ్చ ఉంది, సరిగ్గా 'కర్టెన్లు' అన్న మాట మీద. అత్తయ్య కుర్చీ దాని ఎదురుగా లాక్కుంది. వచ్చినవాళ్ళకి 'మా కోడళ్ళ కొట్టుది' అని చెప్తోంది. మునిగిపోయిందని మాత్రం చెప్పడం లేదు.

ఇట్లు,
ఓడిన చెల్లి


రైల్వే క్వార్టర్సు, నా కిటికీ పక్కన

చెల్లీ,

ఈ అక్షరాలు చూడు. ఇంకా కొంచెం వణుకుతున్నాయిగానీ ఇవి నా కుడి చేతివి. కట్టు విప్పేశారు. రైలు ఆగిందనుకో.

నీకు తెలుసని నాకు తెలుసు. ఎప్పటి నుంచో చెప్పనా? సెంటు నుంచి. ఒసేయ్ పిచ్చిమొహమా, మల్లెతోటలా నడిచే మనిషి రాసిన ఉత్తరం విప్పితే పిండి రాలిందే! కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. రొట్టె వాసన తప్ప ఇంకేం లేదు. పిండి సంచి మీద రాసేదానికి సెంటు సీసా ఎక్కడిదే? పైగా కారట, అత్తయ్యట! కారు తలుపు తీసిన వాసనకే వాంతి చేసుకునే మనిషి, కిటికీలోంచి చెయ్యి ఊపిందట! అబద్ధం ఆడేటప్పుడైనా పెద్ద కోడల్ని అడిగి కనుక్కోవాలని తెలియదా?

మీ బావగారిని నిలదీయబోయాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అడగకముందే 'నేను చెప్పలేదు, రాశాను' అన్నారు. నువ్వు బట్టీలో పిండి సంచుల మూతులు కూడా కుడుతున్నావని మరిది ఆయనకి రాశాడట. ఒక్కో సంచికి ఎంతిస్తారో నాకు తెలుసు. నా సగానికి ఎన్ని సంచులు కావాలో లెక్క వేయడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాను. వేయలేకపోయాను.

తెలిసి కూడా ఎందుకు తిట్టానంటావా? జరిమానా పుచ్చుకునేది తిట్టకపోతే నీకు అనుమానం వస్తుంది. అనుమానం వస్తే నువ్వు మానేస్తావేమో, నా మిషను పోతుందేమోనని భయం. సిగ్గు విడిచి చెప్తున్నాను, పుచ్చుకున్నాను. తిడుతూ పుచ్చుకున్నాను.

డాక్టరమ్మ కర్టెన్ల రోజున నేను నవ్విన నవ్వు వడ్డీతో సహా నాకు తిరిగొస్తుందని వణికిపోయాను చెల్లీ. బల్బు పీకి, అదే చీకట్లో బోర్లాపడ్డదాన్ని. ఇంతకన్నా నవ్వడానికి ఏం కావాలి? నీకు రోజు వచ్చింది. నువ్వు నవ్వలేదు. పైగా సెంటు కొన్నానని అబద్ధమాడి నువ్వే తిట్లు తిన్నావు. తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినవాళ్ళు లోకంలో బోలెడుమంది. నవ్వనందుకు ఏడ్చింది మాత్రం నేనొక్కదాన్నే అయి ఉంటాను.

బల్బు మళ్ళీ పెట్టించాను. కింది వాటావాళ్ళు సగం ఇస్తామన్నారు. ముందే అడిగుంటే పోయేది!

చేతికి పని అలవాటు కావాలని డాక్టరు చెప్పాడు. మిగిలిన చిలకల బట్టతో రెండు కర్టెన్లు కుట్టాను. ఒకటి నాకు. ఇంకోటి దీనితో పంపుతున్నాను, ఆ పేపరు పీకేసి తగిలించుకో. ఎదురింటావిడ వార్తలు డబ్బు పెట్టి కొనుక్కుంటుందిలే.

నీ అక్క


రొట్టెల బట్టీ వెనక ఇల్లు, కర్టెను ఉన్న కిటికీ పక్కన

అక్కా,

నీ ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, పొట్లం విప్పాను. మీ మరిది స్టూలెక్కి కర్టెను తగిలించాడు. దిగి, వెనక్కి నాలుగడుగులు వేసి, తల పక్కకి వంచాడు. ఇంకా వంచాడు. ఏమిటా అని నేనూ చూశాను.

అక్కా! చిలకలన్నీ తలకిందులుగా ఉన్నాయి!

పై నుంచి కింది దాకా, ఒక్క చిలకా తప్పకుండా, కాళ్ళు ఆకాశానికి పెట్టి వేలాడుతున్నాయి. నేను నేల మీద కూలబడ్డాను. పొట్ట పట్టుకున్నాను. ఊపిరి అందలేదు. ఆయన భయపడి నీళ్ళు తెచ్చాడు, నీళ్ళు తాగబోతే ముక్కులోంచి వచ్చాయి. అత్తయ్య ఏమైందోనని పరుగున వచ్చి, కర్టెను చూసి, 'పెద్దదీ అంతేనా!' అని బోర్డు ఎదుట కుర్చీలో కూర్చుని పళ్ళు లేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ నవ్వు చూడటం ఇదే మొదటిసారి. నీకు వినపడిందా? క్వార్టర్సు దాకా వస్తుందన్నాను కదా.

మీ మరిది తీసి తిరగేస్తానన్నాడు. ముట్టుకుంటే చెయ్యి విరుగుతుందన్నాను. అలాగే ఉంటుంది.

ఒక్కటే షరతు. నువ్వు కావాలనే అలా కుట్టానని మాత్రం రాయకు. రాసినా నేను నమ్మను. నమ్మితే ఈ నవ్వు ఆపి మళ్ళీ ఏడవాల్సి వస్తుంది.

ఇట్లు,
నీ చెల్లి